ఇల్లు నిలిపిన మందు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

రోగం వృద్ధునికి వచ్చిన ఇంట దుఃఖం ఉంటుంది. పసిపిల్లలు గల తల్లికో తండ్రికో వచ్చిన ఇంట దుఃఖంతోపాటు భయం కూడ ప్రవేశిస్తుంది. మంచాన పడిన ఆ మనిషిని రెండు ప్రశ్నలు పట్టి పీడిస్తవి. ఈ రోగం నయమవుతుందా అన్నది మొదటిది. నయం కాకపోతే ఈ పిల్లల గతి ఏమి అన్నది రెండవది. మొదటి ప్రశ్నను వైద్యుని ముందు ఉంచవచ్చును. రెండవదానిని ఎవరి ముందు ఉంచవలెనో తెలియక రోగి రాత్రులందు ఒంటరిగా దానితో పెనుగులాడుతాడు. అందులోను ఆ రోగం మన పెద్దలు రాచపుండు అన్న కాన్సరు అయి, ముదిరిన తరువాతనే బయటపడినదైతే, మొదటి ప్రశ్న కంటె రెండవదే బరువవుతుంది.

మహబూబాబాదు జిల్లాలో కురవి అనగానే కోరమీసాల వీరభద్రస్వామి జ్ఞాపకం వస్తాడు. శివరాత్రి జాతరకు బండ్లు కట్టుకొని వచ్చిన తరాలు ఆ స్వామి ముందు మొక్కిన మొక్కులలో పంట మొక్కులున్నవి, సంతానపు మొక్కులున్నవి. పిల్లల తల్లి బ్రతికి బట్టకట్టవలెనని మొక్కిన మొక్కులూ ఉన్నవి. మొక్కు మొక్కిన చేతులతోనే రోగిని పట్టుకొని మానుకోట ఆస్పత్రికి, అక్కడ కాకపోతే వరంగల్లుకు, అక్కడా కాకపోతే హైదరాబాదుకు పోవడం ఈ ప్రాంతపు కుటుంబాలకు తెలిసిన దారియే. ఆ దారి చివర కాన్సరు రోగికి ఇచ్చే మందులలో ఒకదాని పుట్టుక వెనుక ఒక తెలుగువాడున్నాడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు. పైన చెప్పిన రెండు ప్రశ్నలూ ఆయన జీవితంతో పెనవేసుకొన్నవి. మొదటి ప్రశ్నకు ఆయన లోకానికి గొప్ప సమాధానం ఇచ్చినారు. రెండవ ప్రశ్న ఆయనకు పుట్టిన ఇంటనే ఎదురై, కడదాక వెంట నడచినది.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంతానం ఏడుగురు. జగన్నాథం ఆరోగ్యం చెడి, ఉద్యోగకాలం పూర్తికాకముందే పనినుండి విరమించవలసి వచ్చినది. రోగం ఒక శరీరంలో ప్రవేశించి ఇంటి ఆదాయాన్ని, పిల్లల చదువును, తల్లి నిద్రను ఎట్లు తినివేస్తుందో బాలుడైన సుబ్బారావు పుస్తకంలో చదువలేదు. తన ఇంటనే చూచినారు. పదమూడేళ్ల వయసులో ఆయన చేసిన పని ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. ఇంటి నుండి పారిపోయి కాశీకి పోయి, అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఆ బాలుడు బయలుదేరినాడు. దారిలోనే పట్టుబడి ఇంటికి చేరినాడు. అల్లరి పిల్లవాని కథగా దీనిని చెప్పుకొని నవ్వడం తేలిక. రోగిష్ఠి తండ్రి ఉన్న ఇంట పసివాడు తానే సంపాదనపరుడు కావాలని తలచినాడన్న సంగతి ఆ నవ్వులో మరుగున పడుతుంది.

తండ్రి మరణించినాడు. సంసారభారం వెంకమ్మ మీద పడినది. ఆమెకు అక్షరజ్ఞానం ఎంత ఉన్నదనేది వేరు విషయం. కుమారుని చదువు ఆగరాదన్న నిశ్చయం మాత్రం ఆమెకు వజ్రం వంటిది. తన నగలు అమ్మి ఆ కుమారుని చదివించినది. ఆ కుమారుడు మేధావి అని అప్పటికి లోకానికి రుజువేమీ లేదు. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలునుండి మూడవ ప్రయత్నంలో గట్టెక్కినారు. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి అతని భవిష్యత్తు మీద తీర్పు చెప్పే తొందర గల పెద్దలు ఈ సంగతిని జ్ఞాపకం ఉంచుకొనవలెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజులలో ఆయన మనస్సు సన్యాసం వైపు మరలినది. రామకృష్ణ మఠంలో చేరాలని కోరినారు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనమని మఠంవారు చెప్పినారు, తల్లి అనుమతించలేదు. వైద్యం చదివి రోగులకు సేవ చేయడం కూడ సన్యాసమేనన్న హితవు ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు నడిపించినది. అక్కడి చదువుకు డబ్బు కావలెను. తల్లివద్ద అమ్మడానికి నగలు మిగులలేదు. మిత్రులు కొంత సాయం చేసినారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి అండగా నిలిచినారు. ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు 1919లో వివాహమాడినారు. తండ్రి లేని ఇంటికి ఈ విధంగా ఒక ఆధారం దొరికినది.

ఆ కాలంలోనే మరొక పిడుగు పడినది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల వ్యవధిలోనే ఒకరి వెనుక ఒకరు మరణించినారు. వారిని బలిగొన్నది మన ఆయుర్వేదం గ్రహణి అని పిలిచే వ్యాధివంటిది. ఆంగ్ల వైద్యులు దానిని స్ప్రూ అన్నారు. తిన్న అన్నం ఒంట పట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం పలుచబడి, మనిషి పాలిపోయి, ఎముకల గూడై నశిస్తాడు. వైద్యం చదువుతున్న సోదరుడు ప్రక్కనే ఉన్నాడు; ఆనాటి వైద్యశాస్త్రం వద్ద మందు లేదు. సుబ్బారావుకు కూడ ఆ వ్యాధి సోకినప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్స ఆయనను కాపాడినదని చెబుతారు. ఒకే కడుపున పుట్టినవారిలో ఇద్దరు పోయి, తాను మిగిలినారు. ఇట్లు మిగిలినవానికి ప్రాణం ఒక వరమే కాదు, ఒక అప్పు కూడ. ఆ అప్పు తీర్చే యత్నమే ఆయన తరువాతి జీవితమంతా అని చెప్పవచ్చును.

గాంధీ మహాత్ముని పిలుపు విన్న యువకుడు ఆయన. శస్త్రవైద్య తరగతికి ఖద్దరు ఉడుపు ధరించి పోయినారు. ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.యస్. పట్టానికి బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. దక్కినది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం లభించలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే ఉపాధ్యాయునిగా చేరినారు. అయినా మనస్సు నిలువలేదు. తన సోదరులను చంపిన వ్యాధికి మందు వెదకాలంటే పరిశోధన కావలెను; ఆనాడు పరిశోధన కావాలంటే సముద్రం దాటవలెను.

ప్రయాణానికి ధనసహాయం రెండు చోట్లనుండి వచ్చినది. ఒకటి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. రెండవది మామగారి ఇల్లు. 1920ల తొలినాళ్లలో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరినారు. శేషగిరి పుట్టింట ఉండిపోయినది. కొద్ది సంవత్సరాలలో తిరిగివస్తాననే తలంపుతో పోయినవారు మరల స్వదేశపు గడ్డ మీద కాలు పెట్టలేదు. ఆమెకు పుట్టిన కుమారుడు శైశవంలోనే చర్మానికి సోకే ఒక తీవ్రమైన అంటువ్యాధితో కన్నుమూసినాడు. ఆ బిడ్డను తండ్రి కన్నులారా చూడలేదు. ఆనాడు ఆ అంటుకు మందు లేదు. అటువంటి అంటులను అణచగల ఔషధాలలో ఒకటైన ఆరియోమైసిన్, తరువాత పాతికేళ్లకు, సుబ్బారావు అధిపతిగా ఉన్న పరిశోధనాలయంనుండియే వెలువడినది. విధి చేసే హేళన ఒక్కొక్కప్పుడు ఇంత కఠినంగా ఉంటుంది.

రామాయణం చదివే మనం రాముని వెంట నడచిన లక్ష్మణుని కీర్తిస్తాము. అయోధ్యలో మిగిలిన ఊర్మిళకు కావ్యంలో చోటు తక్కువ. పదునాలుగేళ్లు గడచిన పిదప ఊర్మిళ భర్తను చూచినది. శేషగిరికి ఆ భాగ్యమూ లేదు. సుబ్బారావు కీర్తిని చెప్పేవారు ఈ సంగతిని దాచరాదు. లోకపు ఇండ్లను నిలిపిన మందుల వెనుక ఒక నిలువని ఇల్లు ఉన్నది. ఆయన పరిశోధనకు పునాదిరాళ్లు మోసినవారిలో నగలమ్మిన తల్లి, ధనమిచ్చిన మామగారు, తెలియనివారికి చేయి అందించిన ధర్మసంస్థ ఉన్నారు. ఏమీ కోరక ఎదురుచూచిన భార్య కూడ ఉన్నది.

బోస్టన్‌లో ఆయన బ్రతుకు సుఖంగా గడువలేదు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చదువు. రాత్రి ఒక ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచే పని. వైద్య పట్టం ఉన్నవాడు ఈ పని చేయడం అవమానమని ఆయన తలచలేదు. 1924లో డిప్లొమా సంపాదించి, జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునివద్ద చేరినారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగు ననుసరించి కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించినారు. ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి అనే పేరుతో తరతరాల విద్యార్థులు దానిని ప్రయోగశాలలలో నేర్చుకొన్నారు. 1927లో కండరంలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణం తన ప్రతి పనికి వెచ్చించే శక్తినాణెమనదగిన ఏ.టి.పి.ని వారు వేరుచేసి చూపినారు. ఏ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడ విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు పి.హెచ్.డి. పట్టం వచ్చినది. ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో ఆ విశ్వవిద్యాలయాన్ని విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊర ఉన్న లెడర్లీ అనే మందుల సంస్థలో చేరినారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనకంతటికి నాయకులైనారు.

ఇక్కడ కథను కొంత వెనుకకు, మరల మన దేశానికి త్రిప్పవలెను. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చినది. అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలు గర్భిణులైనప్పుడు ఒక వింత పాండురోగంతో మరణిస్తూ ఉండిరి. కాలేయపు సారం, ఈస్టు నుండి తీసిన పదార్థం ఇచ్చినప్పుడు వారిలో పలువురు కోలుకొనడం ఆమె గమనించినది. ఆ పదార్థంలో ఏదో ఒక పోషకం ఉన్నదని తేలినది. అది ఏదో తేలడానికి మరి పదునైదేండ్లు పట్టినది. ఆకుకూరలలోను, కాలేయంలోను ఉండే ఆ విటమినే ఫోలిక్ ఆమ్లం. దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసే విధానాన్ని 1945లో సాధించినది సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధిలో కలిగే రక్తక్షీణతకు ఆ మందు పనిచేస్తుందని వెంటనే రుజువైనది. అన్నదమ్ముల మరణానికి ఒక మనిషి చెల్లించగల ఋణం ఇంతకంటె ఏముంటుంది?

కురవి మండలంలోని ఏ పల్లెలోనైనా గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్రని ఇనుపధాతువు మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. గర్భిణులలో రక్తహీనతను నివారించే ఈ పథకం మన దేశంలో 1970లో మొదలైనది. బోదకాలు ఉన్న జిల్లాలలో ఇంటింటికి తిరిగి మ్రింగించే డి.ఇ.సి. మాత్ర కూడ 1947 ప్రాంతంలో సుబ్బారావు బృందంనుండి వచ్చినదే. మాత్ర మ్రింగే తల్లికి ఆ పేరు తెలియదు. ఇచ్చే కార్యకర్తకు కూడ తెలియకపోవచ్చును.

ఇప్పుడు కాన్సరు విషయానికి వస్తాము. శరీరంలోని కణం రెండుగా చీలి పెరుగవలెనంటే ఫోలిక్ ఆమ్లం కావలెను. కాన్సరు కణానికి ఉన్న దుర్గుణం హద్దు లేక చీలడమే కనుక, దానికి ఈ విటమిను ఆకలి మరింత ఎక్కువ. బోస్టన్‌లోని పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కాన్సరు సోకిన బాలురకు మొదట ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలనే ఇచ్చి చూచినాడు. రోగం తగ్గకపోగా ముదిరినట్లు కనిపించినది. అంటే రోగానికి అన్నం పెట్టినట్లైనది. అయితే ఆ అన్నాన్ని ఆపగలిగితే ఏమి జరుగుతుంది? తాళంలో దూరి తిరుగక ఇరుక్కుపోయే దొంగ తాళంచెవివలె, చూడడానికి ఫోలిక్ ఆమ్లమే అనిపించి, కణంలో ప్రవేశించి దాని పనిని ఆపివేసే పదార్థం కావలెను. అటువంటి పదార్థాలను సుబ్బారావు, ఆయన సహచరులు లెడర్లీలో తయారుచేసి ఫార్బరుకు పంపినారు. వానిలో అమినాప్టెరిన్ ఒకటి. దాని తోబుట్టువువంటి మెథోట్రెక్సేట్ మరొకటి.

1947 చివర ఫార్బరు అమినాప్టెరిన్ వాడనారంభించినాడు. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాలలో పదునారుగురు పిల్లలలో పదిమందికి రోగం తాత్కాలికంగా వెనుకకు తగ్గినట్లు ఉన్నది. ఆ పిల్లలు మంచం దిగినారు, ఆడుకొన్నారు. రోగం మరల వచ్చినది. కాని, అంతకుముందు వారాలలో ముగిసిపోయే కథకు నెలల గడువు లభించినది. మందుతో ఈ కాన్సరును వెనుకకు నెట్టవచ్చునని లోకం తొలిసారిగా కన్నది. అది చూచి ఎంతో కాలం గడువలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలో గుండె ఆగి సుబ్బారావు మరణించినారు. వయసు 53 సంవత్సరాలు. తాను నాటిన చెట్టు ఫలించడం ఆయన చూడలేదు.

ఆ ఫలం ఎవరి ఇంట మొదట రాలినదో చూడండి. గర్భంలోని మావి కణాలనుండి పుట్టే కాన్సరు ఒకటి ఉన్నది. వైద్యులు దానిని కోరియోకార్సినోమా అంటారు. ప్రసవం తరువాత గాని, గర్భస్రావం తరువాత గాని, శిశువుకు బదులు ద్రాక్షగుత్తివలె నీటిబుడగలు పెరిగే ముత్యాల గర్భం తరువాత గాని ఇది పుడుతుంది. కనుక ఇది పడుచు తల్లుల రోగం. ఊపిరితిత్తులకు, మెదడుకు త్వరగా ప్రాకుతుంది. ప్రాకిన తరువాత దాదాపు అందరును ఏడాది లోపలనే మరణించేవారు. ఒడిలో బిడ్డ ఉండగానే తల్లి రక్తం కక్కుతూ పోయేది. ఈ వ్యాసారంభంలో చెప్పిన రెండు ప్రశ్నలు ఇంతకంటె క్రూరంగా ఎదురుపడే చోటు మరొకటి లేదు.

అమెరికాలో బెథెస్డా అనే ఊర ఉన్న జాతీయ కాన్సరు సంస్థలో మిన్ చియు లీ అనే చైనా దేశపు వైద్యుడు, రాయ్ హెర్ట్జ్ అనే ఆయన సహచరుడు అట్టి తల్లులకు మెథోట్రెక్సేట్ ఇచ్చినారు. ఊపిరితిత్తులలోని గడ్డలు కరిగిపోయినవి. ఈ ఫలితాలను 1956లో ప్రకటించినారు. గడ్డలు కనిపించకపోయినా, మూత్రంలో ఆ కాన్సరు విడిచే హార్మోను జాడ మిగిలి ఉన్నంతవరకు మందు ఆపరాదని లీ పట్టుపట్టినాడు. అంటే కంటికి కనిపించని శత్రువు మీద కూడ యుద్ధం సాగించవలెనని ఆయన మతం. కనిపించని రోగానికి విషం వంటి మందు ఇస్తున్నాడని పైవారు ఆయనను 1957లో ఉద్యోగంనుండి తొలగించినారు. కాలం ఆయన పక్షాననే తీర్పు చెప్పినది. మందు ముందుగా ఆపినవారికి రోగం తిరగబెట్టినది. ఆయన మాట ప్రకారం పూర్తిగా వాడినవారు బ్రతికినారు. 1972లో లీకి, హెర్ట్జ్‌కు లాస్కర్ పురస్కారంలో భాగం లభించినది. గడ్డకట్టి దేహమంతట ప్రాకిన కాన్సరును మందుతోనే పూర్తిగా నయం చేయడం అదే మొదటిసారి. నేడు ఈ జాతి కాన్సరులలో పదింట తొమ్మిదికి పైగా నయమవుతున్నవి. నయమైన స్త్రీలలో పలువురు మరల గర్భవతులై ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్నారు.

ఆ తరువాత మెథోట్రెక్సేట్ ప్రయాణం ఆగలేదు. 1976లో ఇటలీ వైద్యుడు బొనడోనా, రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స చేసిన పిదప ఈ మందును మరి రెండు మందులతో కలిపి ఇస్తే రోగం తిరగబెట్టడం తగ్గుతుందని చూపినాడు. పిల్లల రక్తపు కాన్సరు చికిత్సలో అది నేటికీ ఉన్నది. కీళ్లవాతానికి వారానికొకసారి చిన్న మోతాదులో ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర ఔషధాల పట్టికలో దానికి స్థానం ఉన్నది.

ఇంతవరకు చెప్పినది మొదటి ప్రశ్నకు సమాధానం. ముదిరిన కాన్సరులన్నియు ఈ విధంగా లొంగుతవని ఎవరును భ్రమపడరాదు. చాల కాన్సరులలో మందు ప్రాణాన్ని కాక, కాలాన్ని ఇస్తుంది. నాలుగు నెలలో, రెండేండ్లో. పసిపిల్లల తండ్రికి ఆ కాలం విలువ ఏమో ఆరోగ్యవంతులకు తెలియదు. భూమి పట్టా ఎవరి పేర ఉండవలెను, పిల్ల చదువు ఎక్కడ సాగవలెను, అప్పు ఎట్లు తీరవలెను అనే విషయాలను ఆ కాలంలోనే చక్కబెట్టవలెను. అట్లు చక్కబెట్టడం మృత్యువుకు లొంగిపోవడం కాదు. రోగి తన పిల్లలకు చేయగల చివరి సేవ అది. దానికి ఇరుగుపొరుగు, బంధువులు, ప్రభుత్వం తోడుపడవలెను. అడగడానికి రోగి సిగ్గుపడరాదు.

సుబ్బారావు జీవితం బోధించే రెండవ పాఠం ఇదియే. ఆయన మేధస్సు స్వయంభువు కాదు. జగన్నాథం రోగంతో కుంగిన ఇంటిని నలుగురు నాలుగు వైపుల పట్టుకొనకపోతే, ఆ బాలుడు ఏ రైలు స్టేషనులోనో అరటిపండ్లు అమ్ముకొంటూ మిగిలేవాడు. మెథోట్రెక్సేట్ అప్పుడు ఎవరో ఒకరు కనుగొనేవారే కావచ్చును. ఎంత ఆలస్యంగానో, ఆలోపల ఎందరు తల్లులు పోయేవారో లెక్క చెప్పలేము. రోగిష్ఠి ఇంటి పిల్లవానికి పెట్టిన పిడికెడు అన్నం ఎన్ని తరాల తరువాత ఎవరి ప్రాణమై తిరిగివస్తుందో పెట్టినవారికి తెలియదు.

ఆనాడు తల్లి నగలు చేసిన పనికి నేడు కొన్ని వ్యవస్థలు ఏర్పడినవి. మెహదీ నవాజ్ జంగు పేర హైదరాబాదులో 1955లో వెలసిన కాన్సరు ఆస్పత్రి పేదలకు ఆశ్రయమైనది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద పేద కుటుంబాలకు కాన్సరు చికిత్స లభిస్తున్నది. 1971లో సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైన నాటినుండి గురుకులాలు వేలాది పేద పిల్లలకు ఇల్లు, అన్నం, చదువు ఇచ్చినవి. ప్రాణాంతక వ్యాధికి గురైన తల్లిదండ్రుల పిల్లలు, కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి, మిషన్ వాత్సల్య పథకం కింద సాయం కోరవచ్చునని 2022 నాటి మార్గదర్శకాలు చెబుతున్నవి. అందులో ఒక్కొక్క పిల్లకు నెలకు 4000 రూపాయలు నిర్ణయించినారు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చేరవలెను. పథకం కాగితం మీద ఉండడం వేరు, మంచాన పడిన తల్లికి దాని సంగతి తెలియడం వేరు. ఆ రెంటి నడుమ నడిచే మనిషి ఒకడు కావలెను.

పల్లెలలో ఆ మనిషి తరచుగా బడిపంతులే. తరగతిలో ఒక పిల్ల ఆకస్మాత్తుగా వెనుకబడితే, పదిరోజులు బడికి రాకపోతే, వచ్చినా పాఠం వినక కిటికీ వైపు చూస్తూ ఉంటే, ఆమె ఇంట ఎవరి ఆరోగ్యం ఎట్లున్నదో విచారించడం ఉపాధ్యాయుని ధర్మం. పేరు చెప్పి నలుగురిలో జాలిపడడం కాదు. చాటుగా పిలిచి అడిగి, చేయదగిన పని చేయడం. ఫీజు గడువు పెంచడం, పుస్తకాలు అమర్చడం, దరఖాస్తు వ్రాసి పెట్టడం, ఆమె తల్లితో ఒకమారు మాట్లాడి పిల్ల చదువు ఆగదని చెప్పి రావడం చిన్న పనులవలె కనిపిస్తవి. మంచం మీది తల్లికి అవి మందుతో సమానం. ఆమె రెండవ ప్రశ్నకు కొంత సమాధానం దొరకుతుంది.

విద్యార్థులకు కూడ ఒక మాట. తోటి పిల్లవాని ఇంట రోగం ఉన్నదని తెలిసినప్పుడు దూరం జరుగవద్దు. కాన్సరు అంటువ్యాధి కాదు. వానితో మునుపటివలె ఆడండి; తప్పిన పాఠాలు వ్రాసి ఇవ్వండి. మూడుసార్లు పరీక్షకు కూర్చున్న ఒక పిల్లవాడు తరువాత లోకానికి ఏమి ఇచ్చినాడో జ్ఞాపకం ఉంచుకొనండి.

సుబ్బారావు నోబెల్ బహుమానం పొందలేదు. పేరు కొరకు ప్రాకులాడలేదు. ఆయన పేరున భారత ప్రభుత్వం 1995లో, శతజయంతి సంవత్సరంలో, ఒక తపాలా బిళ్ల విడుదల చేసినది. అంతకుముందే ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టినారు. స్మారకాలు ఇట్టివి కొన్ని. కాని మెథోట్రెక్సేట్ సూది వేయించుకొని, బస్సెక్కి, సాయంకాలానికి ఊరు చేరి, బిడ్డకు అన్నం కలిపి పెట్టే తల్లి ఎక్కడ ఉన్నా అక్కడ ఆయన సోదరుల ఋణం కొంత తీరుతూనే ఉన్నది. వెంకమ్మ నగలు, శేషగిరి ఎదురుచూపు ఆ ముద్దలో కలిసి ఉన్నవి. ఆ తల్లి ఆస్పత్రిలో ఉన్న రోజులలో ఆమె బిడ్డకు అన్నం పెట్టే చేయి మనది కావలెను.